వేగస్ చిన్న చర్చిలో పెళ్లి: చెల్లుతుందా?

లాంగ్ వీకెండ్ వస్తోందంటే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. "అన్నా, నేను చేసుకోబోయే అమ్మాయికి ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే గడువు) అయిపోవస్తోంది. ఊళ్లో ముహూర్తాలు వచ్చే ఏడాదికి గానీ లేవంటున్నారు. వేగస్‌లో సినిమావాళ్లు చేసుకునే ఆ చిన్న చర్చిలో చేసుకుంటే చెల్లుతుందా?"

చెల్లుతుంది. కానీ మీ పెళ్లిని చెల్లేలా చేసేది ఆ చర్చి కాదు.

మీరడిగేది బహుశా లిటిల్ చర్చ్ ఆఫ్ ది వెస్ట్ గురించి. పేరులో చర్చి ఉందని ఇంట్లో కంగారు పడొద్దని చెప్పండి. అది ఏ సంఘానిదీ కాదు, పెళ్లిళ్ల కోసమే కట్టిన మందిరం. 1942లో లాస్ట్ ఫ్రాంటియర్ అనే హోటల్ వాళ్లు తమ ఆవరణలో కట్టారు. హోటలంతా పాతకాలపు కౌబాయ్ ఊరి సెట్టింగు కాబట్టి, దానికి తగ్గట్టు కాలిఫోర్నియా గనుల ఊళ్లో ఉండే చర్చి నమూనాలో రెడ్‌వుడ్ కలపతో నిలబెట్టారు. అంటే పుట్టినప్పుడే అది సెట్టు. ఇప్పుడేమో స్ట్రిప్ (వేగస్‌లో పెద్ద హోటళ్లన్నీ ఉన్న రోడ్డు) మీద అన్నిటికన్నా పాత కట్టడాల్లో ఒకటైంది. 1992లో అమెరికా చారిత్రక స్థలాల జాతీయ జాబితాకీ ఎక్కింది.

అన్నాళ్లు ఎలా మిగిలిందంటే, కలపది కావడంతో కదిలించారు. 1954లో అదే ఆవరణలో పక్కకు జరిపారు. 70ల చివర్లో హసియెండా హోటల్ దగ్గరికి తీసుకెళ్లారు. 1996లో ఆ హోటల్‌ని పేల్చి కూల్చే ముందు ఇప్పుడున్న చోటికి మార్చారు. హసియెండా ఉన్న చోట ఇప్పుడు మాండలే బే హోటల్ ఉంది.

తారల సంగతికొస్తే, ఇక్కడ పెళ్లి చేసుకున్న హాలీవుడ్ వాళ్లు వీళ్లు: 1943లో బెటీ గ్రేబుల్, 1949లో జా జా గాబోర్, 1965లో జూడీ గార్లండ్, 1991లో రిచర్డ్ గేర్, సిండీ క్రాఫర్డ్ జంట, 2000లో ఏంజెలీనా జోలీ, బిల్లీ బాబ్ థార్న్‌టన్ జంట. ఇందులో చాలా పెళ్లిళ్లు నిలబడలేదు, అది చర్చి తప్పు కాదులెండి. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కూడా ఇక్కడే చేసుకున్నాడనుకుంటారు చాలామంది. అది 1964 నాటి సినిమాలో. నిజం పెళ్లి 1967లో అలాడిన్ హోటల్లో జరిగింది.

వాళ్లంతా ఇక్కడికే ఎందుకొచ్చారు? కాలిఫోర్నియాలో 1927 నుంచి పెళ్లి లైసెన్సు కోసం మూడు రోజులు ఆగాలనే రూలు ఉండేది. వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఆగక్కర్లేదు, రక్తపరీక్షా లేదు. 1931 నుంచి విడాకులకు కూడా ఆరు వారాలు ఇక్కడుంటే చాలన్నారు. హాలీవుడ్‌కి అంతకన్నా ఏం కావాలి?

మీకూ కలిసొచ్చేది అదే రూలు. వేగస్ డౌన్‌టౌన్‌లో క్లార్క్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మ్యారేజ్ లైసెన్స్ బ్యూరో పండగలతో సహా రోజూ ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ముందు ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఇద్దరూ పాస్‌పోర్టులతో కౌంటర్‌కి వెళ్లాలి. సిటిజనై ఉండక్కర్లేదు. ఫీజు 102 డాలర్లు. లైసెన్సు ఏడాది చెల్లుతుంది. ఇద్దరికీ 18 నిండాలి, ఇదివరకు పెళ్లయి ఉంటే విడాకులు పూర్తిగా వచ్చేసి ఉండాలి.

పేర్ల దగ్గర మాత్రం నిదానించండి. మనవాళ్లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడ్డవాళ్లు ఎందరో. లైసెన్సులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడిందో లేదో కౌంటర్ దగ్గరే అక్షరం అక్షరం చూసుకోండి. తర్వాత దిద్దించాలంటే మళ్లీ అఫిడవిట్టు, మళ్లీ ఫీజు.

పెళ్లి జరిపించేవారికి కౌంటీ అనుమతి ఉండాలి, వారు కాక ఒక సాక్షి కావాలి. మన పంతులుగారిని తీసుకొస్తామన్నా ఈ రూలే. బైబిల్ వాక్యాలు వద్దనుకుంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి.

పూల అంచుతో చేతికిచ్చే సర్టిఫికెట్టు ఫ్రేము కట్టుకోడానికే. పెళ్లి జరిపించినవారు పది రోజుల్లో కౌంటీకి పంపాక, క్లర్క్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఒక్కోటి 20 డాలర్లు. హెచ్-4 వీసాకి (హెచ్-1బీ మీద పనిచేసేవారి భార్య లేదా భర్తకిచ్చేది) ఇవ్వాల్సింది అదే. ఇండియాలో వాడాలంటే నెవాడా సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) వేయించుకోవాలి.

వచ్చే ఏడాది అన్నవరంలోనో తిరుపతిలోనో మళ్లీ తాళి కట్టండి, ఎవరూ కాదనరు. అయితే చట్టం లెక్కలో మీ పెళ్లిరోజు వేగస్‌దే. అక్కడ ఇంకో తేదీతో రిజిస్టర్ చేయించి రెండో సర్టిఫికెట్టు తెచ్చుకోకండి. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో రెండు తేదీలు కనబడితే అనవసరపు టెన్షన్.