రమాదేవిగారిది ఏ చేబ్రోలు?

ప్రశ్న: వి.ఎస్. రమాదేవి చేబ్రోలులో పుట్టారని మా కళాశాల క్విజ్‌లో చెప్పారు. అది గుంటూరు పక్కనున్న మా చేబ్రోలేనా? రాజకీయ నాయకురాలు కాని ఆమె రెండు రాష్ట్రాలకు గవర్నర్ ఎలా కాగలిగారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మిమ్మల్ని నిరాశపరచక తప్పడం లేదు. చతుర్ముఖ బ్రహ్మ కొలువైన మీ చేబ్రోలు కాదు. 1934లో ఆమె పుట్టింది పశ్చిమ గోదావరి జిల్లా చేబ్రోలులో.

న్యాయశాస్త్రం చదివిన రమాదేవిగారు కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలో అధికారిగా ఎదిగారు. క్విజ్‌లు నిర్వహించేవారికి ఆమె తొలి మహిళా ప్రధాన ఎన్నికల కమిషనర్‌గానే గుర్తు. పేరిశాస్త్రిగారి తరువాత, శేషన్‌గారు రాకముందు, 1990 నవంబరు 26 నుంచి డిసెంబరు 11 వరకు, అంటే సరిగ్గా 16 రోజులు ఆమె ఆ బాధ్యత చూశారు. ఆ కుర్చీలో ఇంతవరకు మరో మహిళ కూర్చోలేదన్నది వేరే సంగతి.

మా దృష్టిలో అంతకంటే బరువైనవి 1993 నుంచి 1997 వరకు రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా ఆమె పనిచేసిన నాలుగేళ్లు. ఆ పదవిలోనూ ఆమే తొలి మహిళ. సభ నియమాల విషయంలో అధ్యక్షస్థానానికి సలహా చెప్పడం, సభా కార్యకలాపాలు సక్రమంగా నమోదయ్యేలా చూడడం, సచివాలయాన్ని నడపడం ఆ ఉద్యోగం. ఆ ఉద్యోగి జవాబుదారీ మంత్రులకు కాదు, సభాధ్యక్షునికి.

ఇక గవర్నర్ పదవి. రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. భారత పౌరులై, 35 ఏళ్లు నిండి ఉండాలన్నవే 157వ అధికరణం విధించిన అర్హతలు. ఎన్నికల్లో గెలిచి ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. అలా 1997లో హిమాచల్‌ప్రదేశ్‌కు, 1999 డిసెంబరులో కర్ణాటకకు ఆమె గవర్నర్‌గా వెళ్లారు. కర్ణాటకకు తొలి మహిళా గవర్నర్ ఆమే.

పదవి అలంకారప్రాయమని అనుకుంటాం గానీ, ఏ పార్టీకీ స్పష్టమైన మెజారిటీ రానప్పుడు ముందుగా ఎవరిని పిలవాలన్నది గవర్నరే తేల్చుకోవాలి. 1998 ఎన్నికల తరువాత హిమాచల్‌లో సరిగ్గా అదే పరిస్థితి ఎదురై, చివరకు కాంగ్రెస్ ముఖ్యమంత్రి వీరభద్రసింగ్ వైదొలగడంతో బీజేపీ నేత ప్రేమ్‌కుమార్ ధూమల్ ముఖ్యమంత్రి అయ్యారు. కర్ణాటకలో ఎస్.ఎం. కృష్ణ ప్రభుత్వానికి పూర్తి మెజారిటీ ఉండడం వల్ల, 2002లో పదవి విడిచేదాకా ఆమెకు మళ్లీ అలాంటి పరీక్ష ఎదురుకాలేదు.