పులిపిర్ల విషయమై తమ్ముడి కొడుక్కి వ్రాసిన ఉత్తరం

కావలి

చిరంజీవి ప్రసాదుకు పెదనాన్న ఆశీస్సులతో వ్రాయునది.

నీవు పంపిన ఫోటోలు చూశాను. అవి చదునుగా ఉండే పులిపిర్లలాగే కనిపిస్తున్నాయి. అయితే ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడినే తప్ప నేను వైద్యుడిని కాను గనుక, నిర్ధారణ చర్మవ్యాధుల నిపుణుడే చేయాలి. వైశాఖంలో పెళ్ళి పెట్టుకుని ఇప్పుడు ఇవేమిటని మీ అమ్మ కంగారు పడుతున్నదట. ఆ కంగారులో ముఖానికి జరగగల హాని పులిపిర్ల వల్ల జరిగే హాని కన్నా ఎక్కువ కాబట్టే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

ఇవి హ్యూమన్ పాపిలోమా వైరస్ వల్ల, ముఖ్యంగా అందులోని 3, 10 రకాల వల్ల వస్తాయి. ఆ వైరస్ పేరు చూసి క్యాన్సరేమోనని భయపడ్డావని మీ నాన్న చెప్పాడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన 16, 18 రకాలు వేరు, ఇవి వేరు. సాధారణంగా ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్ల వెడల్పుతో, పైభాగం బల్లపరుపుగా, చర్మం రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటాయి. మొటిమలైతే తరచుగా నొప్పి, చీము ఉంటాయి. నడుమ చిన్న గుంట ఉన్న బొడిపెలైతే అది మరో వైరస్ పని, దాని వైద్యం వేరు.

నీ ఫోటోలో నేను ఎక్కువసేపు చూసింది గడ్డం పక్కన వరుసగా, గీత గీసినట్లు వచ్చినవాటిని. బ్లేడు పులిపిరి మీదుగా వెళ్ళి పక్కనున్న చర్మాన్ని కంటికి కనబడనంత సన్నగా గీరినప్పుడు, వైరస్ ఆ గీత వెంబడే నాటుకుంటుంది, నారుమడిలో చాలు పట్టి విత్తనం చల్లినట్లు. గోటితో గోకినా ఇంతే. కాబట్టి కొంతకాలం నున్నగా గీయించుకోవడం మానివేసి, ట్రిమ్మరుతో పైపైన కత్తిరించుకో. తప్పనిసరై సెలూనుకు వెళితే కొత్త బ్లేడు వేయమని చెప్పడంతో సరిపెట్టక, అందరి ముఖాలకూ రుద్దే ఆ పటిక బిళ్ళను నీ ముఖానికి తగలనీయకు. తువ్వాలు కూడా వేరుగా ఉంచుకో.

సున్నం, సోడా కలిపి పెట్టడం, అగరుబత్తితో కాల్చడం, జిల్లేడు పాలు రాయడం వంటివాటి జోలికి పోవద్దని మీ అమ్మకు నా మాటగా చెప్పు. సున్నం చర్మాన్ని కాల్చి గుంట మచ్చ మిగులుస్తుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. అరికాలి ఆనెలకు వాడే ఘాటైన మందులు ముఖానికి పనికిరావు. మందుల షాపులో చేతికిచ్చే, స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు మరీ ప్రమాదం. చర్మం నిగారించినట్లు కనిపిస్తుంది గాని, అక్కడి రోగనిరోధక శక్తి తగ్గి పులిపిర్లు మరింత వ్యాపిస్తాయి.

చాలామందికి ఇవి ఒకటి రెండేళ్ళలో వాటంతట అవే పోతాయి. మొక్కుకుంటే రాలిపోయాయని చెప్పేవారు అబద్ధమాడటం లేదు, పోయే కాలానికి మొక్కు తోడయింది, అంతే. ఒక్కోసారి పోయే ముందు ఎర్రబడి దురద పెడతాయి. శరీరం వైరస్‌ను గుర్తించిందనడానికి అది గుర్తు కావచ్చు గనుక, అప్పుడు కంగారుపడి గోకవద్దు.

నీకు అంతకాలం ఆగే వీలు లేదు కాబట్టి ఈ పుష్యంలోనే ఒంగోలు రిమ్స్ ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళు. వైద్యులు తరచుగా రాత్రిపూట రాసుకునే ట్రెటినాయిన్ వంటి క్రీముతో మొదలుపెడతారు. అది పనిచేయడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట్లో చర్మం ఎర్రబడి పొట్టు రేగుతుంది, ఎండను ఓర్చుకోలేదు. కనుక మన ఎండల్లో పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, కరెంటుతో కాల్చడం కూడా ఉన్నాయి గాని, మన చామనఛాయ ముఖాలపై అవి నల్లని లేదా తెల్లని మచ్చలు వదిలే అవకాశం ఉంది. ముహూర్తం దగ్గరపడ్డాక అటువంటి పని చేయించుకోవద్దు. ఇప్పటివరకు నీవు రాసుకున్న ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని వెళ్ళి వైద్యునికి చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న