ఆర్టిస్టు స్నేహితులకు అండగా ఉండాలంటే ముందు రేటు అడగండి

మీ స్నేహితుడు ఉద్యోగం వదిలేసి బొమ్మలు వేయడాన్నే వృత్తిగా పెట్టుకున్నాడని, మీ దగ్గర పెద్దగా డబ్బుల్లేకపోయినా ఏదో ఒకటి చేయాలని ఉందని, ఎలా సాయపడాలో చెప్పమని అడిగారు. నా స్నేహితురాలు ఒకామె పన్నెండేళ్లుగా వాటర్‌కలర్స్‌నే నమ్ముకుని బతుకుతోంది. తనకి నేను చేసిన సాయం సంగతి తర్వాత, ముందు చేసిన చేటు చెప్తాను. మీరూ అక్కడే కాలు జారొచ్చు.

అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లిద్దరి బొమ్మ వేసిమ్మని అడిగాను. "నీకెంతసేపు, గంట పని" అని కూడా అన్నాను. తను నవ్వి సరేనంది. డబ్బు మాట నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. వారం పోయాక వాళ్లింటికి వెళ్తే బల్లమీద నా బొమ్మే ఉంది, నాలుగు వైపులా టేపుతో బోర్డుకి బిగించి. దాని పక్కన ఇంకో కాగితం మీద అదే బొమ్మ, సగంలో ఆగిపోయి. ఏమైందే అంటే, అమ్మ కళ్లద్దాల మీద మెరుపు కోసం వదిలిన చోట్లోకి తడి రంగు పాకిపోయిందట. వాటర్‌కలర్‌లో తెలుపంటే కాగితమే. అది ఒకసారి రంగు పీల్చుకుంటే మళ్లీ మునుపటి తెలుపు రాదు. పైన తెల్లరంగు చుక్క పెట్టేయొచ్చుగా అన్నాను. "పెట్టొచ్చు, అతుకేసినట్టుంటుంది" అని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది.

గోడమీద ఒక కాగితం అంటించుకుని ఉంది. పని గంటకొక పెన్సిల్ గీత, ఐదేసి కట్టలుగా. నా పేరు కింద లెక్కపెట్టాను, 26 గీతలు. ఆ వారంలో డబ్బులొచ్చే ఆర్డరొకటి నా వల్ల వెనక్కి పడింది.

సిగ్గేసి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. తీసుకోదు కూడా. ఊరికే అడిగిన పనికి మధ్యలో వెల కడితే స్నేహితులకి ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే మొదటి మాటలోనే తేల్చేయాలి: "నీ రేటెంత, అడ్వాన్స్ ఎంత పంపమంటావ్?" ఈ ఒక్క ప్రశ్న మీ నోట ముందు వస్తే వాళ్ల నెత్తిమీద బరువు సగం దిగిపోతుంది. రేటు చెప్పాక "మనవాళ్లకి కాస్త చూసుకో" అనొద్దు. తగ్గించాలనిపిస్తే వాళ్లే తగ్గిస్తారు. మీ స్తోమతకి మించితే "ఇప్పుడు నా వల్ల కాదు" అనండి, దానికి ఎవరూ నొచ్చుకోరు. పని మొదలయ్యాక నాలుగుసార్లు "ఆ చీర రంగు కొంచెం మార్చవా" అనడం కూడా ఊరికే పని చేయించుకోవడమే. ఇంకోటి, ముందే వేసి ఉన్న బొమ్మ కొన్నంత మాత్రాన దాన్ని కార్డులమీద, టీషర్టులమీద అచ్చేసుకునే హక్కు మామూలుగా మనకి రాదు. కాపీరైట్ రాతపూర్వకంగా ఇస్తే తప్ప అది చాలా దేశాల్లో వేసినవాళ్లదే. డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకైతే భారత్‌లో, వేరే ఒప్పందం లేకపోతే, అది వేయించుకున్నవాళ్లది; అందుకే ముందే తేల్చుకోండి.

చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో సంగతి మీకు తెలిసే ఉంటుంది. తమ్ముడు థియో ప్రతినెలా డబ్బు పంపి అన్నని పోషించాడని అందరూ చెప్తారు. కానీ 1884లో ఆ డబ్బుకి బదులు తన బొమ్మలు తీసుకోమని విన్సెంటే ప్రతిపాదించాడు. దయగా అందుకోవడం కాదు, చేసిన పనికి జీతంలా అందుకోవడం అతనికి కావాలి. మనం చేసే సాయం కూడా ఆ తీరున ఉంటేనే ఆర్టిస్టుకి తల ఎత్తుకున్నట్టుంటుందని నా అభిప్రాయం.

సరే, డబ్బు లేనప్పుడు? నేను చేసినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది చాలా చిన్న పని. తను ఒక ఆర్ట్ ఫెయిర్‌లో రెండు రోజులు స్టాల్ పెట్టుకుంది, ఒక్కతే. ఒక్కరే ఉంటే బాత్రూమ్‌కి కూడా వెళ్లలేరు, అదెవరికీ తట్టదు. నేను మధ్యాహ్నం రెండు గంటలు కూర్చున్నాను. రేట్ల కాగితం చేతిలో పెట్టుకుని, అడిగినవాళ్లకి చెప్తూ, మిగతాసేపు నోరు మూసుకుని. తను తిని, కాసేపు కళ్లు మూసుకుని వచ్చింది. సాయంత్రం సర్దేటప్పుడు ఫ్రేముల మూలలకి అట్టముక్కలు పెట్టి బబుల్ ర్యాప్ చుట్టడం నేర్చుకున్నాను. బొమ్మకి ర్యాప్ నేరుగా తగలకూడదట, మధ్యలో గ్లాసిన్ అనే పల్చటి నున్నటి కాగితం ఉండాలి.

మీకు వచ్చిన విద్య ఏదో అదే ఇవ్వండి. నాకు మెయిళ్లు రాయడం వచ్చు. తనకి మూడు నెలలుగా బాకీ తేల్చని క్లయింటొకరున్నారు. తనేమో "అడిగితే మళ్లీ పనివ్వరేమో" అని నసుగుతోంది. కోపం లేకుండా, బిల్లు తేదీ, మొత్తం, గడువు తేదీ మాత్రమే పెట్టి నాలుగు లైన్లు రాసిచ్చాను. వారంలో డబ్బొచ్చింది. మీకు లెక్కలొస్తే ఖర్చుల పట్టిక వేసివ్వండి, కెమెరా ఉంటే అద్దం బిగించకముందే బొమ్మలకి మెరుపు పడకుండా ఫొటోలు తీసివ్వండి.

నలుగురికీ చెప్పడం మంచిదే, అయితే ఎలా చెప్తున్నారో చూసుకోండి. "మా ఫ్రెండు బొమ్మలేస్తుంది, అడిగితే వేసిస్తుంది" అని నేను పరిచయం చేసిన పుణ్యాన తనకి ఊరికే వేయించుకునేవాళ్లే తగిలారు. ఇప్పుడు "పోర్ట్రెయిట్లు ఆర్డరుమీద వేస్తుంది, రేట్లు తన పేజీలో ఉన్నాయి" అని చెప్తాను. అడిగేవాళ్లు తగ్గారు, కొనేవాళ్లు పెరిగారు.

పొగడ్తల గురించి పెద్దగా చెప్పను. "సూపర్" అని వదిలేయకుండా ఒక్క నిమిషం చూసి, కన్ను ఆగిన చోటేదో చెప్తే చాలు. అలాగే ఇంట్లో ఉన్నారు కదాని పగలు పదకొండింటికి ఫోన్ చేసి కబుర్లు పెట్టకండి. అది వాళ్ల ఆఫీసు టైము. "మళ్లీ ఉద్యోగం చూసుకోవట్లేదా" అనే ప్రశ్నకి చుట్టాలున్నారు, మీరు అడగనక్కర్లేదు.

పోయినేడాది తనని ఇంకో బొమ్మ అడిగాను, ఈసారి రేటుతో మొదలుపెట్టి. తడుముకోకుండా చెప్పింది. నేననుకున్నదానికన్నా ఎక్కువే. ఒక నెల ఆగి అడ్వాన్స్ పంపాను. బొమ్మ పది రోజులు ఆలస్యమైంది, ఆ పది రోజులూ నేను అచ్చం కస్టమర్‌లాగే సణిగాను. తనకది నచ్చినట్టే ఉంది.