కౌలు రైతుల పేదరికం గురించి 'త్సుచి' (అంటే మట్టి) అనే జపనీస్ నవల రాసిన నగత్సుక తకాషి పేద రైతేనా?

కాదు, ఆయన జపాన్‌లోని ఇబరాకి ప్రాంతంలో ఒక భూస్వామి కొడుకు. మరి పేదరికం గురించి అంత లోతుగా ఎలా రాశాడంటే, ఆ కౌలు రైతులంతా తన ఊళ్లో తన కళ్లెదుటే బతికినవాళ్లు, పైగా ఆయన హైకూ కవి మసావోకా షికి శిష్యుడైన కవి, చూసింది చూసినట్టు రాయడం ఆ గురువు దగ్గరే అలవాటైంది. ప్రముఖ నవలాకారుడు నత్సుమే సోసెకి చొరవతో 1910లో ఈ నవల టోక్యో అసాహి పత్రికలో సీరియల్‌గా వచ్చింది.

ఉదాహరణకి నవలలోని కౌలు రైతు కాంజి భార్య ఒషినా సంగతి చూడండి. ఇంకో బిడ్డని పోషించలేమని సొంతంగా గర్భం తీసేసుకుని ధనుర్వాతంతో చనిపోతుంది. రచయిత ఎక్కడా వాపోడు, ఉపన్యాసమూ ఇవ్వడు, జరిగింది చెప్తాడంతే (చదవడానికి కష్టంగా ఉండేది కూడా అందుకే).

చాలామంది దీన్ని భూస్వాముల మీద తిరుగుబాటు నవల అనుకుంటారు, కానీ కథలో దొంగతనం చేసి దొరికిన కాంజిని ఆదుకునేది భూస్వామి ఇంటి ఇల్లాలే. జపాన్‌లో అలాంటి తిరుగుబాటు ధోరణి ఉన్న శ్రామికవర్గ సాహిత్యం ఊపందుకున్నది 1920లలో, తకాషి 1915లోనే క్షయతో 35 ఏళ్లకే పోయాడు.