కాలికి ఇబ్బంది ఉన్న అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయగలదా?

అమలాపురం దగ్గర ఉంటామని, చెల్లి బీఎస్సీ పూర్తి చేసిందని, యాక్సిడెంట్ తర్వాత చంకకర్రతో నడుస్తోందని రాశారు. తనేమో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆపైన రీసెర్చ్ అంటోంది. ఇంట్లో వాళ్ళు గంటల తరబడి నిలబడే ల్యాబులు ఎందుకు, మ్యాథ్స్ తీసుకో అంటున్నారు. అంతేకదా?

కెమిస్ట్రీయే చేయనివ్వండి. నాకూ పోలియో వల్ల కుడికాలు పనిచేయదు. ఈ డెల్టాలోనే ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ చేశాను.

ల్యాబ్‌లో నిలబడాల్సి వచ్చేది బెంచీల ఎత్తు వల్లే. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక బెంచి ఎత్తు తగ్గించి, కుర్చీ లోపలికి వెళ్ళేలా కింద అరలు తీసేశారు. బ్యూరెట్‌ని (చుక్కచుక్కగా ద్రవం వదిలే, కొలత గీతలున్న గాజు గొట్టం) కిందకి దించి గరాటుతో నింపుకుని, మళ్ళీ బిగించి, ద్రవమట్టం కంటికి సమంగా వచ్చేదాకా క్లాంప్ జరుపుకునేదాన్ని. అసలు బ్యూరెట్‌ని తలకంటే ఎత్తులో నింపడం ఎవరికైనా ప్రమాదమే, ఒలికితే యాసిడ్ కళ్ళలో పడుతుంది. పెద్ద యాసిడ్ సీసాలు ల్యాబ్ అసిస్టెంట్ గారు తెచ్చిపెట్టేవారు. రీడింగ్ మాత్రం నేనే తీయాలి, రికార్డు నేనే రాయాలి. వైవాలో అందరినీ అడిగినట్టే నన్నూ అడిగేవారు.

ఇదెందుకు చెప్తున్నానంటే, డిగ్రీలో "నువ్వు కూర్చోమ్మా, పక్కమ్మాయి రీడింగులు రాసుకో" అనేవారు. ప్రేమతోనే అనేవారు. కానీ ఎండ్ పాయింట్ దగ్గర, అంటే చర్య పూర్తయ్యే చోట, ఒక్క చుక్కకి రంగు మారిపోతుంది, ఆ చుక్క దగ్గర ఆగడం చేతికి అలవాటు కావాల్సిందే. మీ చెల్లికి అలాంటి జాలి దొరికే చోటు వద్దు.

ఎమ్మెస్సీలో మాతో ఒకబ్బాయికి రంగులు సరిగా తెలిసేవి కావు. తను టైట్రేషన్లు (ఇలా బ్యూరెట్‌తో చుక్కలు వదిలి కొలిచే ప్రయోగాలు) రంగు చూసే బదులు, ఆమ్లత్వాన్ని అంకెల్లో చూపే పీహెచ్ మీటర్ పెట్టి చేసేవాడు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి మొదటి సెమినార్లు తెలుగులో చెప్పుకోనిచ్చేవారు. అలాంటి డిపార్ట్‌మెంట్‌లో నోరు విప్పి అడగడానికి టెన్షన్ ఉండదు.

నా రీసెర్చ్ ఆక్వా చెరువుల నీటి మీద. వానాకాలం చెరువు గట్లు జారతాయి కాబట్టి ఆటో వెళ్ళే గట్లున్న చెరువులే మా గైడ్ ఎంచారు. తోటి స్కాలర్ బుడగ లేకుండా సీసా ముంచి తెస్తే, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీన్ అయొడైడ్ కలిపి నీటిలోని ఆక్సిజన్‌ని అక్కడే ఫిక్స్ చేసేది (మారిపోకుండా పట్టి ఉంచేది) నేను. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపు చూస్తే రైతు ముఖంలో రంగు మారుతుంది. ఇక ఫాస్ఫేట్ కొలిచేటప్పుడు వచ్చే మాలిబ్డినం నీలిరంగు చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు తోటి పరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతి నడిచేదీ ఆ నీలం మీదే.

చేరేముందు తనని తీసుకెళ్ళి ల్యాబ్ చూడండి. ర్యాంపో లిఫ్టో ఉందా, కూర్చుని పనిచేసే బెంచి ఉందా, సేఫ్టీ షవర్ గొలుసు తనకి అందుతుందా, వాష్‌రూమ్ అదే అంతస్తులో ఉందా. లేకపోతే హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారిని నేరుగా అడగండి. "చూద్దాం" అంటారా, "ఎంత ఎత్తు కావాలమ్మా" అంటారా అన్నది గమనించండి.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఏపీ పీజీసెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ దాకా ఆగకుండా ఇప్పుడే తీయించండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్, వయసులో అయిదేళ్ళ సడలింపు ఉంటాయి. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదట నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ గడువులో కూడా యూజీసీ 2022 నిబంధనలు రెండేళ్ళు అదనంగా ఇవ్వొచ్చంటాయి. ఏ కాలేజీలు అనుకుంటున్నారో రాయండి, నేను చూసినవైతే బెంచీలతో సహా చెప్తాను.