కాలస్ బాగా పెరుగుతోంది కానీ ఆల్కలాయిడ్స్ రావట్లేదు, ఏం చేయాలి?

బిళ్ళ గన్నేరు కాలస్ (ల్యాబ్‌లో పెంచే కణాల ముద్ద) ఫ్లాస్కుల నిండా పెరుగుతున్నా ఆల్కలాయిడ్స్ (మందులకి పనికొచ్చే మొక్క పదార్థాలు) దాదాపు లేవు, మీడియం (కణాలు పెరిగే పోషక మిశ్రమం) మార్చాలా అని అడిగారు కదా. నా ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ కూడా ఈ మొక్క మీదే. మీడియం సంగతి తర్వాత, ముందు మీకు కావాల్సిన పదార్థం ఏంటో తేల్చుకోండి.

విన్‌బ్లాస్టిన్ అనే కాన్సర్ మందు కోసమైతే కాలస్‌తో పెట్టుకోకండి. కాథరాంథిన్, విండొలిన్ అనే రెండు ఆల్కలాయిడ్స్ కలిస్తేనే అది తయారవుతుంది, విండొలిన్ చివరి మెట్లేమో ఆకులో ఉండే ప్రత్యేక కణాల్లో జరుగుతాయి, ముద్దలా ఉన్న కాలస్‌లో అవి ఉండవు, ఇది తెలీక నేను నెలలు పోగొట్టుకున్నా. అజ్మాలిసిన్ అనే ఇంకో ఆల్కలాయిడ్ అయితే సస్పెన్షన్ కల్చర్‌లో (ద్రవంలో తేలుతూ పెరిగే కణాల్లో) వస్తుంది, హెయిరీ రూట్స్‌లో (బ్యాక్టీరియాతో పుట్టించే సన్నటి వేళ్ళలో) కూడా వస్తుంది.

ఇక మీడియం. నేనూ అందరూ వాడే ఎమ్మెస్ (మురాషిగే-స్కూగ్) మీడియంలో టూ ఫోర్ డి (2,4-D) అనే హార్మోన్ వేసే పెంచాను, కాలస్ పొడిపొడిగా భలే వచ్చింది, మూడు వారాలకోసారి సబ్‌కల్చర్ చేస్తూ (కొత్త మీడియంలోకి మారుస్తూ) ఎంత సంతోషపడ్డానో, తీరా ఎక్స్‌ట్రాక్ట్ తీసి టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాలని మచ్చలుగా విడదీసి చూపే పలక) మీద నడిపితే మచ్చ ఉందా లేదా అన్నట్టుంది. టూ ఫోర్ డి ఉన్నంతసేపూ కణాలు విభజన పనిలోనే ఉంటాయి, ఆల్కలాయిడ్ తయారీ అణిగిపోతుంది. మా మేడమ్ చెప్పాక రెండు దశలుగా చేశా, ముందు పెంచే మీడియం, తర్వాత టూ ఫోర్ డి తీసేసి చక్కెర ఎక్కువ వేసిన ఇంకో మీడియం. అప్పుడు మచ్చ స్పష్టంగా కనబడింది. జపాన్‌లో మిత్సుయి కంపెనీ 1980ల్లో షికోనిన్ అనే ఎర్ర రంగు పదార్థాన్ని కణాల నుంచి తీసి అమ్మింది కూడా ఇలా రెండు దశల్లోనే.

మిథైల్ జాస్మోనేట్ లాంటి ఎలిసిటర్ కూడా వాడొచ్చు, దాన్ని మొక్క దాడి జరిగిందనే సంకేతంగా తీసుకుని రక్షణ పదార్థాలు చేసుకుంటుంది. కాన్సర్ మందు పాక్లిటాక్సెల్ తీసే టాక్సస్ కణాల్లోనూ దీన్నే వాడతారు. కానీ పెరుగుదల నెమ్మదించే రోజుల్లోనే వేయండి, నేను తొందరపడి రెండో రోజే వేస్తే కణాలు గోధుమ రంగుకి తిరిగి అక్కడే ఆగిపోయాయి. దేంట్లో కరిగించారో ఆ ఆల్కహాల్ మాత్రమే వేసిన ఫ్లాస్క్ ఒకటి కంట్రోల్‌గా పక్కన పెట్టుకోండి, లేకపోతే ఫలితం దేని వల్లో తెలీదు.

ఇంకోటి, గ్రాముకి ఎంత వచ్చిందని మాత్రమే చూడకండి, ఫ్లాస్క్ మొత్తానికి ఎంతో లెక్కేయండి, ఎందుకంటే ఎలిసిటర్ వేస్తే గ్రాముకి పెరిగినా మొత్తం బరువు తగ్గుతుంది. సబ్‌కల్చర్లు ఎక్కువయ్యే కొద్దీ మంచి లైన్ (ఒకే కాలస్ నుంచి కొనసాగిస్తున్న కణాలు) కూడా ఉత్పత్తి తగ్గించేస్తుంది, అందుకే ప్రతి రెండు మూడు సబ్‌కల్చర్లకీ ఒకసారి టెస్ట్ చేసి, బాగా ఇచ్చే లైన్ నుంచే ముందుకు తీసుకెళ్ళండి.