గల్ఫ్ ట్రేడ్ టెస్టు: బల్ల అవతలి నుంచి చెబుతున్నా

కోరుట్ల వైపు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఐటీఐ ఫిట్టర్ చేశాను. నాలుగేళ్లు రైస్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేశాను. వచ్చే నెల హైదరాబాద్‌లో సౌదీ కంపెనీ ట్రేడ్ టెస్టు ఉంది, మెకానికల్ ఫిట్టర్ పోస్టుకి. పన్నెండు వేలు కడితే మూడు రోజుల్లో ప్రాక్టీస్ సెంటర్‌లో తయారు చేయిస్తానని ఏజెంటు అంటున్నాడు. కట్టాలా? అసలు టెస్టులో ఏం చూస్తారు? చాలా టెన్షన్‌గా ఉంది."

తమ్ముడూ, నేను ఇరవై రెండేళ్లుగా సౌదీలో ఫ్యాక్టరీల ఊరైన జుబైల్‌లో ఉంటున్నాను. ఫిట్టర్‌గా వచ్చాను, ఇప్పుడు వర్క్‌షాప్ ఫోర్‌మన్‌ని. ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ సీజన్‌కి ముందు మా దగ్గర కొత్తవాళ్లకు టెస్టు పెట్టేది నేనే. అందుకే బల్లకి ఇవతల నిలబడినవాడి భయమూ తెలుసు, అవతల కూర్చున్నవాడు ఏం రాసుకుంటాడో కూడా తెలుసు.

ఆ పన్నెండు వేలు కట్టకు. అలాంటి సెంటర్లలో చాలాచోట్ల జరిగేది ఒకటే. ఫలానా కంపెనీ ఈ ముక్క ఇస్తుందని చెప్పి, అదే ముక్కని పదిసార్లు ఆకురాయితో రాయిస్తారు. టెస్టులో ముక్క మారితే పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. నాలుగేళ్లు మిల్లులో ఎలివేటర్లు, షాఫ్టులు, బేరింగులు చూసినవాడివి. నీ చేతిలో పని ఉంది. దాన్ని ఎదుటివాడికి కనబడేలా చేయడమే నువ్వు నేర్చుకోవాల్సింది.

నా మొదటి టెస్టు సంగతి చెబుతాను. ముంబైలో, ఒక షెడ్డులో. నాకు ఒక షాఫ్టు, కొత్త బేరింగు, సుత్తి, పైపు ముక్క ఇచ్చి ఎక్కించమన్నారు. నేను హుషారుగా బేరింగు బయటి రింగు మీద సుత్తితో నాలుగు వైపులా కొట్టి ఐదు నిమిషాల్లో ఎక్కించాను. నాకంటే ముందు ఎవరూ అంత తొందరగా చేయలేదు. టెస్టు పెట్టినాయన మాట్లాడకుండా కాగితం మీద గీత గీసి, బయటికి వెళ్లమన్నాడు. ఎందుకు ఫెయిలయ్యానో ఏజెన్సీ చెప్పలేదు, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఊరికొచ్చి ఏడాదిపాటు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తుంటే అక్కడి సీనియర్ ఫిట్టర్ చెప్పాడు. షాఫ్టు మీద బిగుతుగా కూర్చునేది లోపలి రింగు. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బంతా గుండ్ల మీదుగా లోపలికి పోతుంది, గుండ్లు తిరిగే దారిలో సొట్టలు పడతాయి. అప్పటికి బాగానే తిరుగుతుంది, కొన్నాళ్లకు అరవడం మొదలుపెడుతుంది. లోపలి రింగుకి సరిపోయే పైపు ముక్క ఆనించి దాని మీద కొట్టాలి. ఆ పైపు ముక్క నా పక్కనే ఉంది. దాన్ని ఎందుకు పెట్టారో నేను ఆలోచించలేదు.

నేను టెస్టు పెట్టినా బల్ల మీద ఒక్క వస్తువు కూడా ఊరికే ఉండదు. ముందు అన్నీ ఒకసారి చూడు. చేయి వేయకముందు ఒక నిమిషం చూసుకునేవాడిని చూస్తే నాకు సగం ధైర్యం వస్తుంది.

మొదట చిన్న చిన్నవి ఇస్తారు. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే సాధనం) చేతికిస్తే వెంటనే కొలవకు. దవడలు గుడ్డతో తుడిచి, మూసి, సున్నా సున్నా మీద కూర్చుందో లేదో చూడు. ఆ తర్వాతే కొలువు. 0.02 మిల్లీమీటర్ల వరకు కొలిచే వెర్నియర్, 0.01 వరకు కొలిచే మైక్రోమీటర్ రెండూ తడుముకోకుండా చదవగలగాలి. ఎం10 ట్యాప్ (రంధ్రంలో 10 మిల్లీమీటర్ల బోల్టుకి మర కోసే పనిముట్టు) వేయాలంటే ముందు ఎంత డ్రిల్లు అని అడుగుతారు. పదిలోంచి పిచ్ (రెండు మరల మధ్య దూరం) 1.5 తీసేస్తే 8.5. ఎం12కి పిచ్ 1.75, కాబట్టి 10.25, వాడేది 10.2 డ్రిల్లు. ట్యాప్ తిప్పేటప్పుడు కాస్త నూనె వేసి, ముందుకు తిప్పినప్పుడల్లా వెనక్కి సగం తిప్పి చిప్పు విరగ్గొట్టాలి. బేరింగు మీద 6205 అని ఉంటే లోపలి వ్యాసం ఎంత? చివరి రెండంకెలు 05, ఐదుతో గుణిస్తే 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. ఇవి ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు.

తర్వాత ఫ్లాంజి, అంటే రెండు పైపులను బోల్టులతో కలిపే గుండ్రటి అంచు. నాలుగు అంగుళాల 150 క్లాసు (ప్రెషర్ రేటింగు) ఫ్లాంజి ఎక్కువగా పెడతారు. ఎనిమిది స్టడ్డులు (రెండు వైపులా నట్టు పడే బోల్టులు), ఐదు బై ఎనిమిది అంగుళాలవి, 27 పానా పడుతుంది. విప్పమనగానే పానా పట్టుకుంటే అక్కడే మార్కు పోతుంది. ముందు నోరు తెరిచి అడుగు: "లైన్ ఐసొలేట్ అయిందా సర్? ప్రెషర్ జీరోనా? లాక్, ట్యాగ్ ఎక్కడ?" అంటే లైన్ మూసి, ఎవరూ తెరవకుండా తాళం, చీటీ వేశారా అని. అది ఉత్త షెడ్డులో పెట్టిన డమ్మీ పైపు అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడగాలి. ఈ ఊళ్లో పైపుల్లో యాసిడ్ ఉంటుంది, ఆవిరి ఉంటుంది, గ్యాసు ఉంటుంది. ఇక్కడ అడగనివాడు అక్కడా అడగడు. విప్పేటప్పుడు నీకు దూరంగా ఉన్న వైపు బోల్టు ముందు వదులు చెయ్యి. లోపల ఏమైనా మిగిలి ఉంటే అటువైపు పోతుంది, నీ మొహం మీదికి రాదు. ఈ ఒక్క పని సరిగ్గా చేసిన కుర్రాడిని నేను ఇంతవరకూ ఫెయిల్ చేయలేదు.

బిగించేటప్పుడు వరసగా గుండ్రంగా బిగించకూడదు. అలా చేస్తే మధ్యలో లీకు ఆపే గాస్కెట్ ఒక పక్క నలిగి ఇంకో పక్క వదులుగా ఉంటుంది. ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు వెళ్లాలి. మొదటి విడత ముప్పై శాతం, తర్వాత అరవై, తర్వాత పూర్తి టార్క్ (బిగింపు బలం). ఆఖరికి వరసగా ఒక చుట్టు తిరిగి అన్నీ సరిచూడాలి. పాత గాస్కెట్ మళ్లీ వేయకు, అది బాగానే కనబడినా సరే కొత్తది అడుగు.

ఇక అసలైన పరీక్ష అలైన్‌మెంటు. ఎక్కువమంది పోయేది ఇక్కడే. పంపు, మోటారు ఒక బేస్ మీద ఉంటాయి, మధ్యలో వాటి షాఫ్టులను కలిపే కప్లింగ్. రెండు షాఫ్టులూ ఒకే గీతలోకి తేవాలి. పంపుకి పైపులు కట్టి ఉంటాయి కాబట్టి దాన్ని కదపం, మోటారు కాళ్ల కింద షిమ్ములు (పలుచని రేకు ముక్కలు) వేసి దాన్నే సరిచేస్తాం. నేను చేసేదేమిటంటే, మోటారు నాలుగు కాళ్లలో ఒకదాని కింద షిమ్ముని ముందే తీసేసి బోల్టు గట్టిగా బిగించి పెడతాను. పైకి ఏమీ తెలియదు. పీటకి ఒక కాలు పొట్టిగా ఉంటే ఊగుతుంది కదా. ఇక్కడ ఊగదు, బోల్టు దాన్ని బలవంతంగా కిందికి లాగి పట్టుకుంటుంది, మోటారు బాడీయే కొంచెం వంకర తిరుగుతుంది. దీన్నే సాఫ్ట్ ఫుట్ అంటారు. అది చూసుకోకుండా నేరుగా కప్లింగ్ మీద డయల్ గేజి (చిన్న కదలికను సూదితో చూపే సాధనం) పెట్టినవాడు గంటసేపు షిమ్ములు వేస్తూ తీస్తూ ఉంటాడు. బిగించిన ప్రతిసారీ రీడింగు మారిపోతుంది, చెమటలు పడతాయి.

పోయినసారి నిర్మల్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉన్నాడు. ఇంగ్లిషు సరిగ్గా రాదు, హిందీ కూడా అంతంతే. మోటారు దగ్గర కూర్చుని బేస్ తుడిచాడు. డయల్ గేజి మ్యాగ్నెట్‌ని బేస్ మీద పెట్టి, సూదిని కాలు మీద ఆనించి, ఆ బోల్టు ఒక్కటే వదులు చేశాడు. సూది కదల్లేదు. మళ్లీ బిగించి రెండో కాలుకి వెళ్లాడు. మూడో కాలు దగ్గర సూది ముప్పై గీతలు, అంటే 0.30 మిల్లీమీటర్లు లేచింది. నా వైపు చూసి, "సర్, ఈడ షిమ్ము లేదు" అన్నాడు తెలుగులోనే. నేను తెలుగువాడినని అతనికి తెలియదు, నోటికొచ్చిన భాషలో అనేశాడు. 0.05 మిల్లీమీటర్లు దాటి లేస్తే షిమ్ము వేయాలన్న లెక్క అతనికి ఎవరు నేర్పారో అడిగాను. స్పిన్నింగ్ మిల్లులో మేస్త్రీ నేర్పాడట. అతని అలైన్‌మెంటు గంటలో పూర్తి కాలేదు. అయినా ఆ రోజు లిస్టులో మొదటి పేరు అతనిదే రాశాను.

కాబట్టి టైం గురించి అంత కంగారు పడకు. తెలియనిది అడిగితే "తెలియదు సర్, మాన్యువల్ చూసి చేస్తాను" అని చెప్పు. అది తప్పు కాదు. తెలిసినట్టు నటించి రేపు కంప్రెసర్ దగ్గర చేయి పెట్టేవాడంటేనే నాకు భయం. సామాన్ల పేర్లు మాత్రం ఇంగ్లిషులో పలకడం అలవాటు చేసుకో. టెస్టు పెట్టేది ఫిలిప్పీన్స్ ఆయన కావచ్చు, ఈజిప్టు ఆయన కావచ్చు, పానా అంటే అర్థం కాదు. సేఫ్టీ బూట్లు వేసుకుని వెళ్లు, ఉంగరం, చేతి దారాలు తీసేసి వెళ్లు.

ఇంకొకటి, కంపెనీ టెస్టు వేరు, ప్రభుత్వ పరీక్ష వేరు. వెల్డర్, ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ లాంటి పనులకు సౌదీ వాళ్లు తమ తకామల్ సంస్థ ద్వారా ఇండియాలోనే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెడుతున్నారు, రాతపరీక్ష, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. పాసైతే సర్టిఫికెట్ ఐదేళ్లు చెల్లుతుంది. నీ వీసా మీద రాసే వృత్తి దాని కిందికి వస్తుందో లేదో ముందే కనుక్కో. ఏజెంటు లైసెన్సు నంబరు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడు. వాడు తీసుకోగల సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. టెస్టు ఫీజని, ప్రాక్టీసని విడివిడిగా లాగితే రసీదు అడుగు. రసీదు ఇవ్వనన్నవాడి దగ్గర పాస్‌పోర్టు పెట్టకు. హైదరాబాద్‌లో టామ్‌కామ్ ఉంది, ఆంధ్రా వాళ్లకు ఓంక్యాప్ ఉంది. రెండూ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలే, వెళ్లి అడగడానికి మొహమాటపడొద్దు.

పాసయ్యాక అగ్రిమెంటులో "మెకానికల్ ఫిట్టర్" అని ఉందో లేదో చదువు. ఫిట్టర్‌గా పాసై, ఇక్కడ దిగాక హెల్పర్ జీతం తీసుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. వాళ్ల కాగితాల్లో ముందు నుంచీ హెల్పర్ అనే ఉంది, ఎవరూ చదివి చెప్పలేదు. సంతకం పెట్టిన కాపీని ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లోవాళ్లకూ పంపించు.

నీకింకా నెల టైముంది. మీ ఊళ్లో మోటార్లు బాగుచేసే షాపుకి వెళ్లి ఒక పాత మోనోబ్లాక్ పంపు (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) అడుగు, రెండు వందలిచ్చినా ఇస్తారు. దాన్ని విప్పు, విప్పిన వరసలో గుడ్డ మీద పేర్చు, బేరింగు నంబర్లు చదువు, షాఫ్టు కొలువు, నీళ్లు కారకుండా ఆపే సీల్ మార్చి బిగించు. నీళ్లు పోసి నడిపి చూడు. సీల్ దగ్గర చుక్క కారితే ఎందుకు కారిందో కనుక్కుని మళ్లీ విప్పు. రెండోసారి చేసేటప్పుడు ఒక తమ్ముడినో స్నేహితుడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, నువ్వు చేసే ప్రతి పనీ ఎందుకు చేస్తున్నావో పైకి చెబుతూ చెయ్యి.